డాబా మీద మూడు కాళ్ల స్టాండు

కోనసీమకు జనం కొబ్బరితోటలు చూడ్డానికి వెళ్తారు, తీర్థాలకు వెళ్తారు. నేను మొన్న శనివారం ఒక ఫ్లెక్సీ పీకడానికి వెళ్లాను. అది కూడా నా మేనల్లుడి బొమ్మ వేసిన ఫ్లెక్సీ.

మా మేనల్లుడు శామ్యూల్ గల్ఫ్‌లో ఏసీ మెకానిక్కు. వాడూ, తోటి పనివాళ్లూ ఉండే మేడ డాబా మీద అక్కడి సైన్యం ఈమధ్య ఒక క్షిపణి స్టాండు పెట్టింది. తక్కువ ఎత్తులో వచ్చే విమానాలనూ డ్రోన్లనూ కొట్టే చిన్న క్షిపణి అది. ఒక మనిషి భుజాన పెట్టుకుని పేల్చగలడు గానీ, గురి కదలకుండా ఉండాలంటే కింద మూడు కాళ్ల స్టాండు, కూర్చోడానికి సీటు ఉంటే మేలు. సైన్యంలో నా ఉద్యోగమంతా అలాంటి వాటి పక్కనే గడిచింది. వీడు సైనికులు టీకి దిగిన సమయం చూసి ఆ సీట్లో కూర్చుని, ఫోటో దిగి అమ్మకు పంపాడు. మా అక్క మరియమ్మ దాన్ని ఫ్లెక్సీ వేయించి చర్చి ముందు కట్టించింది. ఇప్పుడక్కడ పనివాళ్ల ఫోన్లు తనిఖీ చేస్తున్నారట. సైన్యం సామాను ఫోటో బయట తిరుగుతోందని తెలిస్తే జైలే.

"నా ఫోన్లో తీసేసేను మావయ్యా. ఈ ఆదివారం చర్చికొచ్చినోళ్లంతా ఆ ఫ్లెక్సీ ముందు సెల్ఫీలు దిగి గ్రూపుల్లో పెట్టేత్తారు. ఎలాగైనా తీయించు" అని వాడు ఫోన్లో ఏడ్చాడు. అక్కకు ఫోన్ చేస్తే, అది పాస్టరు గారు ప్రార్థన చేసి కట్టినది, చర్చిలో కృతజ్ఞత కూడిక అయ్యేదాకా తీయకూడదంది. ఒళ్లు మండి, తెల్లవారకుండానే విశాఖలో రైలెక్కాను.

రాజమండ్రిలో దిగి ఇడ్లీ తిని, రాజోలు బస్సు పట్టుకున్నాను. వెళ్లేవాళ్లు ఈ బస్సే ఎక్కండి, మధ్యలో మారే బాధ ఉండదు. రావులపాలెంలో అరటిపళ్లు కొనండి, బాగుంటాయి. కొత్తపేట దాటేదాకా ప్రతి సెంటర్లోనూ ఫ్లెక్సీలే. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, ఓణీల ఫంక్షన్లు, చేతులు జోడించిన మొహాలు. ఫ్లెక్సీ పడకపోతే మనిషి పుట్టినట్టే కాదనుకుంటారు కాబోలు. మామూలుగా నవ్వుకునేవాణ్ణి. ఆవేళ ఒక్కోదాన్నీ చించెయ్యాలనిపించింది.

పక్క సీట్లో కొబ్బరి దింపుల మేస్త్రీ ఒకాయన కూర్చున్నాడు. ఎందాకా అని అడిగాడు. మా అక్కవాళ్ల ఊరు, నగరం అన్నాను.

"ఆయ్, మాదీ ఆ పక్కేనండి. మా ఇంటెనకాలే గ్యాసు గొట్టం పోయిందండి. భయమేం లేదని కంపెనీవోళ్లు చెప్పెళ్లేరండి. చెప్పినాయన కాపరం మటుకు కాకినాడలోనండి" అన్నాడు నింపాదిగా.

గన్నవరంలో కాలవను నది మీదుగా దాటించే అక్విడెక్టు దగ్గర కిటికీ పక్కన కూర్చుంటే గోదావరి పాయ కంటినిండా కనిపిస్తుంది. నేను చూడలేదు. నగరంలో దిగి ఆటో ఎక్కేసరికి ఎండ ముదిరింది.

చర్చి గేటు పక్కనే ఉంది ఫ్లెక్సీ. స్టాండు మీద వాడు పళ్లికిలించి కూర్చున్నాడు. వాడి వెనకాల ఫ్లెక్సీ షాపు కుర్రాళ్లు సొంత తెలివితో మంటలు, రెండు యుద్ధ విమానాలు, ఒక పావురం పెట్టారు. "దేశాలను కాపాడుచున్న మా బిడ్డ" అని రాశారు. వాడు కాపాడేది ఏసీలను.

పాస్టరు గారు ఎదురొచ్చి వందనాలండి అన్నారు. సంగతంతా చెప్పాను.

"ప్రార్థన చేసి కట్టిందండి. కూడిక కాకుండా దింపితే తల్లి మనసు నొచ్చుకుంటాదేమోనండి" అన్నారాయన మెత్తగా.

"వాడు జైల్లో పడితే మళ్లీ మీరే ప్రార్థన చెయ్యాలండి" అన్నాను. గొంతు పెరిగింది, తగ్గించుకోలేదు. ఆయన కాసేపు ఆ పావురం వంక చూసి, తానే వెళ్లి నిచ్చెన పట్టుకొచ్చారు.

ఫ్లెక్సీ చుట్టి చంకన పెట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. పనసపొట్టు కూర, చేపల పులుసు వండి పెట్టింది గానీ మాట్లాడలేదు. బుద్ధుందా నీకు అని నేనే అరిచాను. అప్పుడు చెప్పింది.

"గొప్పకి కట్టలేదురా తమ్ముడూ. అక్కడ యుద్ధం, యుద్ధం అని టీవీలో చెప్తంటే నాకు కంటి మీద కునుకు లేదు. ఆ ఫోటో వచ్చేక పడుకున్నాను. నెత్తి మీద అంత కాపలా పెట్టేరంటే నా కొడుక్కేం కాదు కదా."

శత్రువు ముందు వెతికేది ఆ స్టాండునే, ముందు కొట్టేది ఆ డాబానే అని నాకు తెలుసు. నిద్ర పడుతోందన్న మనిషికి ఆ మాట ఎలా చెప్పను? అక్క మీద కోపమంతా ఆ స్టాండు అక్కడ పెట్టినవాళ్ల మీదికి మళ్లింది. ఎటు చూసినా ఖాళీ ఇసక ఉన్న దేశంలో, కూలివాళ్లు పడుకునే గదుల మీద తప్ప దానికి చోటే దొరకలేదా?

సాయంత్రం రాజమండ్రి బస్సు ఎక్కాను. పశువుల పాక మీద కప్పుకుంటాను, ఆ ఫ్లెక్సీ ఉంచరా అని అక్క అడిగినా ఇవ్వలేదు. మడిచి సంచిలో పెట్టుకున్నాను. గన్నవరం దాటుతుండగా శామ్యూల్ ఫోన్ చేశాడు.

"తనిఖీ అయిపోయింది మావయ్యా. నా ఫోన్ చూసి ఇచ్చేసేరు. ఇంక భయం లేదు."

"మీ గది ఎన్నో అంతస్తురా?"

"ఆఖరిది మావయ్యా. సరిగ్గా నెత్తి మీదే స్టాండు. వాళ్లు నడిస్తే బూట్ల చప్పుడు వినపడతాది."

"కింది గదిలోకి మార్చమని అడుగు. రేపే అడుగు."

"అడిగేను మావయ్యా. కింద గదులు కొత్త ఏసీలు పెట్టుకోడానికి కావాలన్నారు కంపెనీవోళ్లు. పైనుంటే ఎండకీ దుమ్ముకీ పాడైపోతాయంట."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఈ ప్రయాణంలో నేను సాధించింది ఒక బొమ్మను దింపడం. అసలు స్టాండు అక్కడే ఉంది, వాడు దాని కిందే పడుకుంటాడు. కొత్తపేటలో జనం ఎక్కారు. కండక్టరు ఒకావిడతో వచ్చి నా పక్కనున్న సంచి చూపించాడు.

"సంచి పైన పెట్టెయ్యండి, ఆవిడ కూర్చుంటారు."

"పైన వద్దండి" అని, దాన్ని సీటు కిందికి, లోపలికంటా తోసేశాను.