అత్తయ్యకు రాని దద్దురు

మా అత్తయ్య ఒకటే మాట పట్టుకుని కూర్చుంది. "ముందు నువ్వు పొడిపించుకో. నీ చెయ్యి చూసి అప్పుడు చెబుతాను."

కరోనా టీకా సంగతి అది. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకి అప్పుడే మొదలుపెట్టారు. నేను రాజమండ్రిలో స్టాఫ్ నర్సుని. అత్తయ్య గోదావరి గట్టు దగ్గర రోజూ చేపల గంప ముందు కూర్చునే మనిషి. ఆవిడకి షుగరుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బేరానికొచ్చేవాళ్ళు మాస్కు గడ్డం కిందికి లాగేసి, ఆవిడ మొహంలో మొహం పెట్టి మరీ మాట్లాడతారు. మా వార్డులో ఊపిరందక కొట్టుకున్నవాళ్ళని చూసి వచ్చిన నాకు అది తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు. ఎలాగైనా ఈవిడకి టీకా పడాలి, నాకు కావలసింది అదొక్కటే. అందుకే నా చేతిని పరీక్షకి పెట్టడానికి ఒప్పుకున్నాను.

టీకా వేయించుకున్న రోజు కాస్త ఒళ్ళు వెచ్చబడి మర్నాటికి తగ్గింది. గెలిచేశాననుకున్నాను. వారం దాటాక ఒక మధ్యాహ్నం డ్యూటీలో ఎడమ జబ్బ దురద మొదలెట్టింది. బాత్రూంలోకెళ్ళి చూసుకుంటే సూది గుచ్చిన చోటూ, దాని పక్కన పసితనంలో వేసిన బీసీజీ టీకా మచ్చా, రెండూ కలిసి అరచేతి మేర ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళూ నోరు మూసుకుని పడున్న మచ్చ ఉబ్బి కూర్చుంది. వెయ్యగానే వస్తే రియాక్షన్ అంటాం. వారం పోయాక వచ్చినదాన్ని ఏమనాలి? దానికి ఏ టీకాతో సంబంధం, కొత్తదాంతోనా, పాతదాంతోనా? నాకు బొత్తిగా అర్థం కాలేదు.

తోటివాళ్ళని అడిగి ఇంకా బుర్ర పాడుచేసుకున్నాను. ఒకమ్మాయికి వీపంతా దద్దుర్లు లేచి ఒక పూటలో మాయమయ్యాయట. ఇంకొకావిడకి పెదవి మీద పొక్కులు. ఎవరి కారణం వాళ్ళు ముందే పట్టేసుకున్నారు. శానిటైజర్ పడలేదని ఒకరు, రోజంతా గ్లవ్స్‌లో చేతులు నానుతున్నాయని ఒకరు. మా హెడ్ నర్సయితే నా చెయ్యి చూసి, "నిన్న గుత్తివంకాయ తెచ్చుకున్నావు కదా, అదే" అని తేల్చేసింది. వంకాయ జబ్బకే ఎందుకొచ్చిందో ఆవిడే చెప్పాలి. టీకా అన్న మాట మాత్రం అందరూ గొంతు తగ్గించి అన్నారు. బయటివాళ్ళు వింటే రేపు ఎవరూ వేయించుకోరని భయం.

చివరికి స్కిన్ డాక్టరుగారికి చూపించాను. ఆవిడ వేలితో నొక్కి చూసి, "కొందరికి ఇలా ఆలస్యంగా వస్తోందమ్మా. నీకు భయపడాల్సిందేం లేదు. చల్లటి గుడ్డ వేసుకో, దురదకి మాత్ర రాస్తాను. రెండో డోసు మానకు" అన్నారు.

"పాత మచ్చ ఎందుకు లేచిందండీ?"

"సరిగ్గా ఇందుకేనని నేను చెప్పలేనమ్మా."

భయం లేదన్నందుకు ధైర్యం రావాలి, ఎందుకో చెప్పలేనన్నందుకు దిగులు రావాలి. నాకు రెండూ కలిసే వచ్చాయి. ఆ గందరగోళంతోనే పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని ఇంటికెళ్ళాను.

అత్తయ్య దగ్గర జాకెట్టు పనిచెయ్యలేదు. "ఏంటే అలా గోక్కుంటున్నావు? ఏదీ, చూపించు." చూసింది. నన్ను తిడుతుందనుకుంటే, చెంపలు వేసుకుని నా జబ్బకి దణ్ణం పెట్టింది. "అమ్మోరే!"

నేను నోరు తెరిచేలోపే గుమ్మానికి వేపమండలు వచ్చేశాయి. చేపల గంప బోర్లించేసింది. ఇంట్లో అమ్మవారు ఉండగా నీచు ముట్టకూడదు, మూకుడు పొయ్యెక్కకూడదు, తాలింపు చిటపటలు వినపడకూడదు. ఆ పూట మా ఆయన తాలింపు లేని పప్పు వంక చూసి, నా వంక చూశాడు. నేను పప్పు వంక చూశాను.

ఇది అమ్మవారు కాదండీ, టీకా వల్ల వచ్చిందండీ అని చెప్పాలి. చెప్పానా, ఆవిడ ఇక ఆ సూది ఛాయలకి కూడా రాదు, పైగా పొద్దున్నే గంపెత్తుకుని ఆ జనం మధ్యకి పోతుంది. చెప్పకపోతే హాయిగా ఇంటిపట్టున ఉంటుంది. కానీ అమ్మవారు పోసిన మనిషికి సూది వెయ్యరు, ఇంట్లోవాళ్ళూ వేయించుకోరు. ఎటు చూసినా టీకాకి దారి లేదు. డాక్టరుగారి మాత్ర కొంగుచాటున మింగి, అత్తయ్య వేపాకుతో నిమురుతుంటే కూర్చున్నాను. దురద తగ్గింది. మాత్రకి తగ్గిందో, వేపాకుకి తగ్గిందో, దానంతటదే తగ్గిందో అడక్కండి.

ఎరుపు చల్లారాక అత్తయ్య నాకు పసుపూ వేపాకూ వేసిన నీళ్ళు పోసింది. పోస్తూ పోస్తూ ఆగి, తన జబ్బ చూపించింది. దాని మీద పావలా కాసంత మచ్చలు రెండున్నాయి. చిన్నప్పుడు మశూచికి వేసిన టీకావి.

"నాకూ ఇలాగే పొంగిందే. మా అమ్మ ఇలాగే నీళ్ళు పోసింది. మా అక్క టీకాలేసేవాళ్ళకి దొరక్కుండా పడవ చాటున దాక్కుంది. ఆ ఏడే పెద్దమ్మోరు వచ్చి దాన్ని ఎత్తుకెళ్ళిపోయింది." చెంబు కింద పెట్టింది. "సూదితో పిలిస్తే చిన్నగా వచ్చి పోద్ది. నీకు వచ్చింది కదా, ఇక నేనూ పొడిపించుకుంటాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ చెప్పింది తప్పో ఒప్పో తేల్చే ఓపిక నాకు లేదు. ముసలివాళ్ళకి మొదలుపెట్టగానే మా ఆసుపత్రికే తీసుకెళ్ళి వేయించాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. అత్తయ్యకి ఏమీ రాలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు, ఎరుపన్నది లేదు. రోజూ పొద్దున్నే జబ్బ వెలుతురులో పెట్టి చూసుకునేది. నన్ను పిలిచి, "నీకు కనపడుతుందేమో చూడవే" అనేది. రాకపోతేనే మంచిదండీ అని నేనంటే, "నీకొచ్చింది మంచిది కాదా మరి?" అని అడిగేది. దద్దురు వచ్చినా టీకా పనిచేస్తుంది, రాకపోయినా పనిచేస్తుంది అని చెప్పాను. వచ్చినా రాకపోయినా ఒకటే అయితే అది దేనికొచ్చినట్టని అడిగింది. నాకు ఒళ్ళు మండింది, ఆవిడ మీద కాదు, ఇది చెప్పలేని నా చదువు మీద.

రెండో డోసు వేళకి ఊరు మళ్ళీ భయంతో వణికిపోతోంది. మా వార్డులో మంచాలు చాలటం లేదు. అత్తయ్య మాత్రం గుమ్మంలో చతికిలబడింది. "అమ్మోరు నన్ను వద్దనుకుంది. వద్దన్నావిడని ఎన్నిసార్లు పిలుస్తాం? నేను రానే."

బతిమాలాను, కోప్పడ్డాను, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కాసేపటికి ఆవిడే నా దగ్గరకి జరిగింది. నా జబ్బ మీద మచ్చ చుట్టూ ఇంకా కాస్త నల్లగా ఉంది. "పోనీ, నీ దాంట్లో కొంచెం నాకు అంటించు" అంది.

ఇది అంటుకునేది కాదండీ అనబోయి ఊరుకున్నాను. మనిషికి మనిషి తగలకుండా ఒదిగి నడుస్తున్న రోజులవి. నేను కూడా డ్యూటీ నుంచి వచ్చి ఆవిడకి దూరంగా కూర్చునేదాన్ని. జాకెట్టు చెయ్యి పైకి లాగి చెయ్యి చాపాను. ఆవిడ తన జబ్బని నా జబ్బకి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉంది. తర్వాత లేచి చెప్పులు వేసుకుంది.

రెండో డోసు పడిన కొన్నాళ్ళకి ఒక సాయంత్రం అత్తయ్య పరుగు లాంటి నడకతో నా దగ్గరకొచ్చింది. "వచ్చిందే! చూడు!" జబ్బ మీద చిన్న ఎర్రటి పొక్కు. సూది వేసిన చోటికి బాగా కిందగా ఉంది. టీకాదేమో. మా వీధి మురుక్కాలవ దోమదేమో. ఇంత సర్వీసున్న నర్సుని, వంగి వంగి చూసినా ఏదని చెప్పలేకపోయాను.

"వచ్చిందండీ అత్తయ్యా" అన్నాను.

ఆవిడ వెళ్ళి గంప బోర్లించి వచ్చింది. ఆ పూట ఎవరూ చెప్పకుండానే పప్పుకి తాలింపు పెట్టడం మానేశాను.