గాలియార్డ్ ఆడిన గెజ్జెల కాళ్లు

2022 చలికాలం. అమెరికాలోని అల్ఫారెట్టాలో నేను ఫిజికల్ థెరపిస్టుగా పనిచేసే క్లినిక్‌కి అనన్య కుంటుకుంటూ వచ్చింది. ఇరవై రెండేళ్ల తెలుగుపిల్ల, ఇక్కడే పుట్టింది. జబ్బు టెండినైటిస్, అంటే మోకాలిచిప్ప కిందుండే గట్టి పట్టీ ఒత్తిడికి దెబ్బతినడం.

"ఆంటీ, త్రీ వీక్స్‌లో షో ఉంది. ఫస్ట్ టైమ్ నాకు సోలో ఇచ్చారు. ఐ కాంట్ మిస్ ఇట్!"

షో అంటే కూచిపూడి అనుకున్నాను. కాదట. వాళ్ల యూనివర్సిటీలో నాలుగు వందల ఏళ్ల కిందటి యూరప్ రాజాస్థానాల నాట్యసంగీతం వాయిస్తూ, దానికి ఆడే బృందం ఒకటుంది. ముందు పవాన్, ఊరేగింపులా నెమ్మదిగా నడిచే ఆట. దాని వెంటనే గాలియార్డ్, గంతులేసే ఆట. రెంటికీ ల్యూట్ అనే తీగల వాయిద్యం.

పదిహేనేళ్ల సర్వీసు, మోకాళ్లలో నాకు తెలియనిదేముంది! ఐస్ పెట్టించాను, తొడ కండరాలకు వ్యాయామాలు చేయించాను. నొప్పి తగ్గేది. రిహార్సల్‌కి వెళ్లొస్తే మళ్లీ మొదటికొచ్చేది. వారం గడిచాక, "ఈసారికి షో మానెయ్యమ్మా" అన్నాను. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు నామీదే కోపం వచ్చింది. ఆమె ఎలా ఆడుతుందో ఒక్కసారైనా చూడకుండానే మానెయ్యమనడం ఏం వైద్యం?

"ఫోన్‌లో ఆ పాట ఉందా? పెట్టు. ఒక్కసారి ఆడి చూపించు."

ల్యూట్ మోగింది. నాలుగు లెక్కలకు నాలుగు అడుగులు. ఐదుకి గాలిలోకి లేచింది. ఆరుకి దిగింది, ధన్‌మని! పక్క బల్ల మీద పడుకున్న పేషెంట్ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"కూచిపూడి ఎన్నేళ్లు నేర్చుకున్నావే?"

"ట్వెల్వ్ ఇయర్స్. ఎందుకాంటీ?"

"ఎందుకా? కాలికి గెజ్జెలు లేవు కదా, ఎవరికి వినిపించాలని ఆ కొట్టుడు?"

ఆమెను అని లాభం లేదు. చిన్నప్పుడు గుంటూరులో నేనూ నేర్చుకున్నదాన్నే. పాదం మొత్తం నేలకేసి కొట్టి తాళం వినిపించాలి. గెజ్జె సరిగ్గా మోగకపోతే మాస్టారు కర్రతో కాలిమీద ఒకటిచ్చేవారు. ఆ అలవాటుతో అంత ఎత్తునుంచి దిగితే మోకాలు ఏమవుతుంది?

మర్నాటినుంచి మెత్తటి చాప మీద దిగడం నేర్పాను. ముందు మునివేళ్లు, తర్వాత మడమ, మోకాళ్లు వంచి. ఎగరడం రోజు విడిచి రోజే.

"బీట్ మిస్ అయినట్టుంది ఆంటీ!"

"బీట్ సంగతి ల్యూట్ చూసుకుంటుంది. నువ్వు చప్పుడు చెయ్యకు."

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా, నొప్పి ఎక్కడని అడిగి ఊరుకోను. ఏం చేస్తుంటే వచ్చిందో నా కళ్లముందు చేసి చూపించమంటాను. ఆ బుద్ధి నాకు అనన్య వల్లే వచ్చింది.

షో రోజు రెండో వరసలో కూర్చున్నాను. స్టేజీ మీద చెక్క నేల, చీమ నడిచినా వినిపించేలా ఉంది. అనన్య ఐదుకి ఎగిరింది. నేను గట్టిగా కళ్లు మూసుకుని ఆరు లెక్కపెట్టాను. ల్యూట్ తప్ప ఇంకేమీ వినిపించలేదు.