కౌంటరుకు అవతలి కుర్చీ

గ్రంథాలయం మూడో అంతస్తులో చివరి గది ఆమెది. ఎడమవైపు అరల్లో కరపత్రాలు, సమ్మె నోటీసులు, సంఘాల తీర్మానాలు. కుడివైపు వాటికి ప్రభుత్వాలు ఇచ్చిన జవాబులు, కమిటీల నివేదికలు. అడిగిన గొంతులు ఒక పక్క, బదులిచ్చిన గొంతులు ఒక పక్క. మధ్యలో ఆమె, చేతిలో చిన్న పట్టకారు. పాత కాగితాల్లో తుప్పు పట్టిన గుండుసూదుల్ని, కాగితానికి నొప్పి తెలియకుండా లాగి గాజుసీసాలో వేస్తుంది. అందుకే అందరూ ఆమెను గుండుసూదులమ్మ అంటారు. ఎదురుగా కాదు, చాటున. ఆమెకు తెలుసు. తలుచుకోవడానికైనా ఒక పేరుందిలే అనుకుంటుంది.

అయిదేళ్ళపాటు ఎవరూ అడగని ఫైలు కాగితపు మిల్లుకు పోవాలి. అది ఆ గది నియమం. ఉద్యోగంలో చేరిన ఏడాదే బస్తాలు మెట్లు దిగడం చూసింది. ఒక చిరుగులోంచి కరపత్రం మూల ఒకటి బయటికి వచ్చి, గోడను గీరుకుంటూ వెళ్ళిపోయింది. ఆ చప్పుడు ఆమె చెవిలో ఉండిపోయింది.

ఆ మర్నాటి నుంచి, సాయంత్రం అయిదు కాగానే మెడలోని గుర్తింపు కార్డు తీసి మేకుకు తగిలించేది. కౌంటరు చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి, చీటీ మీద ఫైలు నంబరు వేసి సంతకం చేసేది. ఇవతలికి వచ్చి ఆ చీటీ తీసుకుని ఫైలు దించేది. మళ్ళీ అవతలికి పోయి అందుకునేది. కిటికీ పక్క కుర్చీలో గంటసేపు చదివేది. చదవకుండా సంతకం పెట్టడం ఆమెకు చేతకాదు.

"వండేది మీరే, వడ్డించేది మీరే, తినేదీ మీరే. భలే విందు అక్కయ్యా," అనేవాడు తాళాలు వెయ్యడానికి వచ్చిన అటెండరు.

"చేతికి నీళ్ళు పొయ్యడానికి నువ్వున్నావుగా."

ఇరవై రెండేళ్ళు. తల్లి పోయింది. అద్దె గదులు మారాయి. కిటికీ బయట ఎదురు భవనం లేచి ఆకాశాన్ని సగం తినేసింది. కుర్చీ మాత్రం ఆమె వీపు వంపు నేర్చుకుంది.

ఈ నెల మొదట్లో కొత్త అధికారి వచ్చింది. వయసులో చిన్నది, మాట మెత్తన. పాత అధికారులు చీటీలు లెక్కపెట్టారే గాని సంతకాలు చూడలేదు. ఈమె చూసింది.

"మేడమ్, ఈ చీటీల్లో సగానికి పైగా మీ సంతకమే."

"చదివానండీ. అన్నీ."

"నాకు అనుమానం లేదు. కానీ సిబ్బంది అడిగితే లెక్కలోకి రాదు. బయటి పాఠకులు అడగాలి. నియమం రెండో పేజీలో ఉంది, మీరు చూడలేదా?"

ఆమె చూడలేదు. ఊరందరి నియమాలూ చదివిన మనిషి, తన గది నియమం రెండో పేజీ తిప్పలేదు.

"అలా చూస్తే గడువు దాటినవి నలభై రెండు ఫైళ్ళు. నెలాఖరుకు పంపెయ్యాలి. నా చేతుల్లో ఏమీ లేదు మేడమ్."

జాబితాలో మొదటిది ఆమెకు కంఠతా వచ్చు. బట్టల దుకాణాల్లో పొద్దంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ళు వేసిన కరపత్రం. కూర్చోవడానికి ఒక బల్ల కావాలని. కింద పదకొండు సంతకాలు, ఒక వేలిముద్ర. దానికి వచ్చిన జవాబు ఒకే వాక్యం: విషయం పరిశీలనలో ఉంది. ఆ పన్నెండుగురూ ఇప్పటికీ ఎక్కడో నిలబడే ఉన్నట్టుంటుంది ఆమెకు.

బయటి పాఠకులకు రోజుకు మూడే ఫైళ్ళు ఇస్తారు. నలభై రెండుకి పద్నాలుగు పనిదినాలు. వేళ్ళ మీద లెక్క చూసుకుంది. ఇంకా ఎనిమిది నెలల ఉద్యోగం ఉంది. తెల్లకాగితం తీసి రాజీనామా రాసింది, వెంటనే విడుదల చెయ్యమని.

చెల్లెలు ఫోనులో అరిచింది. "ఎవరూ చదవని కాగితాల కోసం ఎవరైనా ఉద్యోగం మానేస్తారా అక్కా?"

"ఎవరూ చదవడం లేదనేగా మానేస్తున్నది."

"నీకు చెప్పడమూ గోడకు చెప్పడమూ ఒకటే!"

"గోడకు చెవులుంటాయిలే. చెప్పు."

చెల్లెలు ఫోను పెట్టేసింది.

విడుదలైన మర్నాడు ఉదయం, కింద సభ్యత్వ పత్రంలో వృత్తి అన్నచోట పెన్ను ఆగింది. చివరికి 'పాఠకురాలు' అని రాసి, మెట్లెక్కింది. కౌంటరు వెనక ఎవరూ లేరు. ఆమె స్థానంలో ఇంకా ఎవరినీ వెయ్యలేదు. అలవాటు కొద్దీ కాళ్ళు లోపలికి లాగాయి. కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. ఈ గదిలో ఎదురుచూడటం ఆమెకు అదే మొదటిసారి.

చాలాసేపటికి అటెండరు వచ్చాడు. "అదేంటక్కయ్యా, లోపలికెళ్ళి తీసుకోండి. మీకు తెలియని అరా?"

"నేనిప్పుడు బయటిదాన్ని తమ్ముడూ. చీటీ తీసుకో."

అతను తప్పు అర దగ్గర తడుముకున్నాడు. "ఎడమవైపు, కింది నుంచి రెండోది," అంది. జాబితాలో మొదటి ఫైలు తెచ్చి ఇచ్చాడు. ఇరవై రెండేళ్ళలో మరో చెయ్యి ఆమెకు ఫైలు అందించడం అదే మొదలు. తారీఖు ముద్ర వేశాడు.

"అంటే అయిదేళ్ళు దీనికి ఢోకా లేదు. ఆ తర్వాత?"

"మళ్ళీ వస్తాను."

"ఆ తర్వాతో?"

ఆమె ఫైలు తెరిచి, కరపత్రానికి జతచేసిన జవాబు నకలును వేలితో చూపించింది. "విషయం పరిశీలనలో ఉంది."

అతను నవ్వాడు. ఆ నవ్వు, అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా వింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.