అంజమ్మ వాకిట్లో హైస్కూలు

మా ఖాజాగూడలో ఎవరి పరువు పోయినా ముందు నవ్వేది అంజమ్మే. అందుకే ఆమె కూతురు స్వప్న పరువు పోయిన రోజున గల్లీ అంతా ఆమె ముఖం వంకే చూసింది.

అంజమ్మది పాలమూరు వైపు. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం లేస్తున్న మేడలకు పైపు పట్టి నీళ్లు కొడుతుంది. మొగుడు ఐలయ్య అక్కడే ఒక ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్. స్వప్న మా ఊరి బళ్లో అయిదు పాసై, ఆ జూన్‌లో హైస్కూల్లో ఆరో తరగతిలో చేరింది.

ఊరి బళ్లో ఒకే గది, ఒకే పంతులు. గంట కొట్టారంటే ఇంటికే. హైస్కూల్లో మొదటి రోజు, మొదటి పీరియడ్ కాగానే గంట మోగింది. లెక్కల సారు బయటికి నడిచాడు. స్వప్న సంచి భుజాన వేసుకుని ఆయన వెనకే నడిచింది. ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల కదా, ఖాజాగూడ పిల్లలంతా నమ్మకంగా ఆమె వెనక వరస కట్టారు. గేటు దగ్గర డ్రిల్లు సారు అందరినీ పట్టి మళ్లించాడు. సాయంత్రానికి స్వప్నకు ‘ఇంటిగంట’ అని పేరు పడిపోయింది.

మర్నాడు పిల్ల మంచం దిగలేదు. బడికి పోను, నీతో పనికే వస్తానని తల్లితో అంది. అది ఉత్త బెదిరింపు కాదు. ఇటుకలు అందించడానికి పిల్లను తెమ్మని మేస్త్రీ అడుగుతూనే ఉన్నాడు. అక్కడ అలవాటు పడ్డ పిల్లలెవరూ మళ్లీ పుస్తకం ముట్టడం అంజమ్మ చూడలేదు.

తిట్టలేదు, కొట్టలేదు. ఆదివారం వాకిట్లో చాప పరిచి స్వప్నను కూర్చోబెట్టి, తను కంచం, గరిటె పట్టుకుంది. కంచం మోగినప్పుడల్లా ఒక సారు పోవాలి, ఇంకొకరు రావాలి. ఐలయ్య లెక్కల సారు. ఎదురింటి ముసలామె వెంకటలక్ష్మి సైన్సు టీచరు. పక్కింట్లో ఉండే నాకు హిందీ ఇచ్చారు. నాకొచ్చిన హిందీ కూరగాయల బండి దగ్గర బేరానికి సరిపోతుంది, అదే చెప్పాను.

కంచం మోగింది. ఐలయ్య పోకుండా నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. మళ్లీ మోగిస్తే మళ్లీ కొట్టాడు. వెంకటలక్ష్మి పిలవకముందే వచ్చి, కుర్చీ దొరికింది కదా అని ఇక లేవనంది. స్వప్న మూతి ముడుచుకునే చూసింది, తర్వాత పక్కున నవ్వింది, చివరికి ఓపిక చచ్చి లేచి తల్లి చేతిలో గరిటె గుంజుకుంది.

“నాయినా, గంట కొడితే పోవుడు సార్ల పని. నేను కూసునే ఉంట.”

సోమవారం పిల్ల బడికి పోయింది. తల్లి మాత్రం పనికి పోలేదు. హైస్కూలు గోడ బయట బండరాయి చాటున కూర్చుంది. మొదటి గంటకు గేటు దాకా ఎవరూ రాలేదు. రెండో గంటకు సంచీతో ఒక పిల్ల వరండాలోకి వచ్చేసరికి, స్వప్నే అనుకుని అంజమ్మ రాయి చాటు నుంచి సగం లేచింది. ఆ వెనకే స్వప్న బయటికొచ్చి, ఆ కొత్త పిల్లను సంచి పట్టి లోపలికి లాక్కుపోయింది.

అన్నం గంటకు తోటి పిల్లలతో బయటికొచ్చిన స్వప్నకు రాయి చాటున తల్లి కొంగు కనబడింది. దొరికిపోయిన అంజమ్మ, మేక తప్పిపోతే వెతుకుతున్నానంది. వాళ్లకు మేకే లేదు.

“ఇంటికి పోయే పెద్దగంట ఇంకా కాలేదమ్మా. నువ్వు జర పనికి పో.”

అంజమ్మ పోయింది. తన బిడ్డ ఆరో తరగతనీ, పెద్దగంట దాకా కూర్చున్న చోటు నుంచి కదలదనీ షేర్ ఆటోలో పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పుకుంటూ పోయింది. ఆయన దిగాల్సిన చోటు దాటిపోయినా ఆమె ఆపలేదు.