నేను కొట్టిన గాలి

మా నాన్నకు కొత్తకోటలో హైవే పక్కన పంక్చరు షాపు ఉండేది. లారీ టైరు మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, వచ్చిన చప్పుడును బట్టి గాలి ఎంతుందో చెప్పేవాడు. సైకిలు టైరుకైతే బొటనవేలు చాలు. వేలు దిగితే గాలి తక్కువ, దిగకపోతే సరిపోయినట్టు. నేను చదువుకుని గద్వాలలో గుమాస్తా ఉద్యోగంలో చేరాను గానీ ఆ వేలి మీద నమ్మకం మాత్రం పోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మనిషిని. మా బావ ఒంటిచక్రం సైకిలు కొన్నప్పుడు, టైరు సంగతి నాకు వదిలెయ్యమని ముందుకు దూకింది అందుకే.

బావ అంటే మా అక్క భర్త. వనపర్తిలో మోటారు సైకిళ్ల మెకానిక్కు. ఎక్కడి మనుషులో ఒకే చక్రం మీద కొండలు దిగుతుంటే ఫోనులో చూసి, ఆ పిచ్చి తలకెక్కించుకున్నాడు. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన దాన్ని తెలిసిన లారీ డ్రైవరు చేత తెప్పించాడు. దానికి హ్యాండిలు లేదు, చైను లేదు. పెడళ్లు నేరుగా చక్రానికే ఉంటాయి; కాళ్లు ఆపితే చక్రం ఆగుతుంది. మా అక్క దాన్ని ఎగాదిగా చూసి, "తక్కిన సగం ఏడ పెట్టొచ్చినవ్?" అని అడిగింది. నలభై దగ్గరపడుతున్న మనిషి, ఆర్నెల్లు పడి లేచి దాని మీద కూర్చోవడం నేర్చుకున్నాడు.

దానితో వచ్చిన టైరు అరిగి నున్నగా ఉంది. మా ఆదివారాలన్నీ కొత్త టైరు వెతుకులాటకే పోయేవి. ముందు సన్నటిదొకటి వేసి గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డున ఇసుకలో చూశాం. పది గజాలు పోకముందే కూరుకుపోయింది. తర్వాత మూడంగుళాల లావుది, పెద్ద పెద్ద గుబ్బలున్నది, హైదరాబాదు నుంచి మోసుకొచ్చాను. దాన్ని నాగర్‌కర్నూల్ వైపు కాలువ గట్టు మీద తొక్కితే, గట్టు ఎటు వాలితే అటే లాగింది. మొండికేసిన ఎద్దును తిప్పుతున్నట్టు నడుము తిప్పి తిప్పి బావ చెమటలు కక్కాడు. గుబ్బలు పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉన్న మూడోది మాత్రం వనపర్తి అవతలి గుట్ట మీద కుదిరింది. అక్కడ నేలంతా గరుసు, పలుగురాళ్లు, మధ్యమధ్య ఏటవాలు బండలు.

టైరు కుదిరింది గానీ గాలి దగ్గర మా ఇద్దరికీ కుదరలేదు. బావ ప్రతిసారీ వాల్వు నొక్కి గాలి వదిలేవాడు. ఆ బుస్సుమనే చప్పుడు వింటే నాకు ఒళ్లు మండేది.

"గింత మెత్తగుంటే రిమ్ము వంగుతది బావా. పంక్చరోల్ల కొడుక్కు గాలి కొట్టుడు సుత రాదంటరు జనం."

"ఒక్కటే చక్రం బామ్మర్ది. బ్రేకు గదే, స్ప్రింగు గదే. జర మెత్తగుంటే రాయిని కర్సుకుంటది. గట్టిగుంటే ఎగురుతది," అనేవాడు.

నేను వినలేదు. మూడేళ్ల కిందట ఎండాకాలంలో ఒక ఆదివారం, పొద్దున బావ లోపల అన్నం తింటుండగా, ఆయన అప్పటికే గాలి వదిలి వాకిట్లో పెట్టిన ఆ టైరును బొటనవేలితో నొక్కాను. వేలు దిగింది. పంపు పక్కనే ఉంది. పన్నెండు సార్లు కొట్టాను. టైరు రాయిలా అయ్యాక నాకు ప్రాణం కుదుటపడింది. బావకు చెప్పలేదు. చెప్తే మళ్లీ వదిలేస్తాడని. గుట్ట ఎక్కేటప్పుడు సైకిలును నేనే భుజాన మోశాను కాబట్టి ఆయనకు తెలియలేదు.

పైకి చేరేసరికి పన్నెండు దాటింది. ఎండకు టైరు ఇంకా బిగిసి ఉంటుంది. బావ బండ మీద నుంచి దిగుతుంటే పిడికెడంత రాయి చక్రం కిందికొచ్చింది. చక్రం దాన్ని ఎక్కలేదు, ఎగిరింది. బావ మెడ మీద పడ్డాడు. నాలుగు రోజులు దవాఖానలో ఉండి చనిపోయాడు.

ఆ గుట్ట మీద మిట్టమధ్యాహ్నం తిరిగితే గాలి సోకుతుందని మా వైపు అంటారు. ఆ రోజు మేకలు కాసే ముసలాయన ఒకాయన బావను కిందికి దించడానికి సాయం పట్టాడు. "గాలి కొట్టింది బిడ్డా. ఈ యాళకు ఈడికి ఎవరన్న వస్తరా?" అన్నాడు. ఆ మాట మాకన్నా ముందే ఇంటికి చేరింది. అక్క అదే నమ్మింది. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అయినా లేని దయ్యం వెనక మూడేళ్లు దాక్కున్నాను.

దాక్కున్నాననే గానీ ఒక్కరోజు నిమ్మళంగా లేను. గద్వాల బస్టాండులో బస్సు ఆగి బ్రేకు గాలి వదిలితే చాలు, బావ నా వెనకే కూర్చుని వాల్వు నొక్కుతున్నట్టు ఉండేది. తిరిగి చూసేవాణ్ణి. ఎవరో ముసలమ్మ మూటతో దిగుతుండేది. చూశానన్న సిగ్గు, చూడకుండా ఉండలేని భయం.

మొన్న వేసవిలో ఇక తట్టుకోలేక, అక్క ఇంటి వెనక రేకుల కింద పడి ఉన్న ఆ సైకిలును అడిగి తీసుకున్నాను. అదే గుట్ట, అదే బండ, అదే ఎండ. చక్రం విప్పి, ఆ రోజంత గట్టిపడేదాకా గాలి కొట్టి, దారిలో ఒక రాయి పెట్టి పైనుంచి దొర్లించాను. రాయి తగలగానే ఎగిరి పక్కకు పడింది. మళ్లీ దొర్లించాను, మళ్లీ ఎగిరింది. తర్వాత బావ వదిలినంత గాలి వదిలి చూశాను. కొంచెం ఊగి, రాయినెక్కి దిగిపోయింది. మనిషి బరువు లేని పరీక్ష పరీక్షే కాదని నాకు తెలుసు. అయినా పదిసార్లు చేశాను. మెత్తటిది ఒక్కసారైనా ఎగరాలని దేవుళ్లకు మొక్కాను. ఎగరలేదు. "చూసినవా బామ్మర్ది," అని పక్కనెవరో అన్నట్టనిపించింది. గుట్ట మీద నేను తప్ప ఎవరూ లేరు.

అక్కడి నుంచి నేరుగా అక్క దగ్గరికి పోయాను. చాటలో బియ్యం ఏరుతోంది.

"అక్కా, ఆ పొద్దు గాలి ఎక్కువైంది."

"నేను అనేది సుత గదే గద. మధ్యాన్నం గాలి పాడుది."

"గా గాలి కాదక్కా. టైరుల గాలి. బావ తింటుంటే నేనే కొట్టిన. ఆయనకు చెప్పలే."

ఆమె వేళ్లు ఆగిపోయాయి. వాల్వు సంగతి, రాయి సంగతి, ఇప్పుడు నేను చేసొచ్చిన పరీక్ష సంగతి అన్నీ చెప్పాను.

"ఆ పొద్దు అన్నం కాడ కొట్లాడినం," అన్నది. "ఆదివారం ఒక్క పూట ఇంట్ల ఉండవా అని. పోయొస్త అన్నడు. పోయిరా అనలే నేను. పో అన్న. వట్టి పో అన్న."

మా ఇళ్లలో గడప దాటే మనిషిని ఎవరూ వట్టి 'పో' అనరు. ఎంత కోపమున్నా చివర 'రా' చేర్చి పంపుతారు.

"నా నోటి మాటకే గాలి ఆయన్ని పట్టిందనుకున్న తమ్మీ. మూడేండ్లు. వారం వారం వచ్చి నా ముంగట కూసొని చాయ తాగి పోతుంటివి. ఒక్క మాట చెప్పలేకపోయినవా?"

"భయమైందక్కా."

"నాకు కాలేదా?" అన్నది.

చాట అక్కడే వదిలి లోపలికి పోయింది. ఎంతసేపు కూర్చున్నా రాలేదు. చివరికి చెప్పులేసుకుని, గడప దగ్గర నిలబడి, "పోయొస్తనక్కా," అన్నాను. లోపలి నుంచి 'పోయిరా' అన్న మాట రాలేదు. నాకు తగిన శాస్తే అనుకుంటూ వీధిలోకి నడిచాను.

నాలుగిళ్లు దాటానేమో, వెనక నుంచి ఉరికొస్తున్న అడుగులు వినిపించాయి. చెప్పుల్లేకుండా, ఎండలో, రొప్పుతూ వచ్చింది. "పోయిరా," అని వెంటనే వెనక్కి తిరిగింది. నా మొహం కూడా చూడలేదు. నేనూ తిరిగి రానేమోనని భయపడింది, అంతే. ఆ భయం ఆమెకు పెట్టింది నేను.