కల్లు వెతుక్కుంటూ వర్తూరు దాకా

మా చెల్లి బెంగళూరు వచ్చిన రెండో రోజుకే నా దగ్గరున్న బెంగళూరు అయిపోయింది. శుక్రవారం లాల్‌బాగ్, కోట, ప్యాలెస్. శనివారం పొద్దంతా మాల్. ఆరేళ్లుగా కుందలహళ్ళిలో అద్దెకుంటున్నాను గానీ, ఇంటికీ ఆఫీసుకూ మధ్య దారి తప్ప ఈ ఊరు నాకు పెద్దగా తెలియదు. ఆదివారం పొద్దున ఇంకో మాల్‌కి బయల్దేరుతుంటే చెల్లి ఆటోలో కూర్చుని, ఇంత పాత ఊర్లో పాతది ఇంకేమీ లేదా అక్కా అని అడిగింది.

ఆటో నడిపే అన్న నాకు తెలిసినవాడే. వానొచ్చిన రోజుల్లో నన్ను ఆఫీసు దగ్గర దింపుతుంటాడు. కదిరి దిక్కు నుంచి మేస్త్రీ పనికి వచ్చి, ఇరవై ఏళ్లుగా కాడుగోడిలో ఉంటున్నాడు. మా మాటలు విని అద్దంలోంచి చూశాడు.

"పాతది సూడల్లంటే మాల్‌కెందుకు మేడమ్? ఈ సుట్టుపక్కల నాకు తెల్సిన తావుల్లో మంచి కల్లు ఉండాది. పోదామా?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. మాది పాలమూరు. కల్లు మాకు కొత్త కాదు. కానీ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆటో అన్న మమ్మల్ని కల్లుకు పిలవడం కొత్త. చెల్లి నా చెవిలో గుసగుసగా, "తాటిదా ఈతదా అడుగక్కా" అంది. నేను వీలైనంత మర్యాదగా అడిగాను.

ఆయన ఆటో పక్కకు ఆపి వెనక్కి తిరిగాడు. "కల్లంటే రాయి మేడమ్, కన్నడంలో." చెప్పడం చెప్పాడు గానీ, ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక హ్యాండిల్ మీద తల ఆనించాడు. చెల్లి నవ్వుతూ సీటు మీద నుంచి జారిపోయింది. మేం అలా ఊగుతుంటే వెనక బస్సువాడు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయాడు.

మొదట కాడుగోడి తీసుకెళ్లాడు. కూరగాయల బండ్ల వెనక ఒక గోడవారన నడుమెత్తు రాయి నిలబడి ఉంది, ఒళ్లంతా పసుపుతో. నేను దేవుడనుకుని చెప్పులు విడిచాను. దగ్గరికెళ్తే కత్తి పట్టిన మనిషి. పైన ఇద్దరు ఆడవాళ్లు అతన్ని చంకల కింద చేతులేసి ఆకాశానికి తీసుకుపోతున్నారు.

"దేవుడు కాదు, మనట్లాంటి మనిషే. దొంగలు ఆవుల్ని తోలకపోతాంటే అడ్డం పోయి సచ్చినాడంట. వీరగల్లు అంటారు దీన్ని." ఎప్పుడో ఫోటోలు తీసుకోవడానికి వచ్చిన ఒకాయన చెప్పాడట. అప్పట్నుంచి బేరాలు లేనప్పుడల్లా ఈయన రాళ్లు వెతుకుతున్నాడు. ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదట, నవ్వుతారని.

ఆ పిచ్చి మాకు పావుగంటలో పట్టుకుంది. కనబడిన రాయల్లా వీరుడిలాగే కనిపించసాగింది. ఒకచోట చెల్లి ఆటో ఆగీ ఆగకముందే దూకి, కాలువ పక్కనున్న బండ మీద మట్టిని చున్నీతో తుడిచింది. కన్నడ అక్షరాలు తేలాయి. "శాసనం!" అని అరిచింది. అన్న వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఇక్కడ మూత్రం పోయరాదు అని ఉందట. చెల్లి ఆ చున్నీని రెండు వేళ్లతో పట్టుకుని వర్తూరు దాకా ఆటో బయటే ఎగరేసింది.

వర్తూరులో ఆయన ఒక సందు మొదట్లో ఆగి, కొంచెం మొహమాటంగా అసలు సంగతి చెప్పాడు. అక్కడ ఒక అవ్వ ఇంటి ముందు గుడ్డలుతికే బండ ఉంది. దాని అంచున గీతల్లాంటివి చూసి రెండేళ్లుగా అనుమానపడుతున్నాడు. "మగోడు పోయి, అవ్వా నీ బండ తిరగేస్తానంటే కొడతాది. మీరు అడిగితే ఇంటాదేమో."

అవ్వ అప్పుడే ఉతుకుతోంది. మా ఊరేదో, పెళ్లిళ్లయ్యాయో లేదో, ఇంత ఎండలో ఎందుకు తిరుగుతున్నామో అన్నీ తెలుగులోనే అడిగింది. బండ మాటెత్తగానే, తను కొత్త కోడలిగా వచ్చిన నాటికే అది అక్కడుందనీ, ఇంకా రెండు దుప్పట్లు మిగిలి ఉన్నాయనీ అంది. దుప్పట్లు మేం ఉతుకుతామంది చెల్లి. ఉతికాం. మోకాళ్ల దాకా తడిసి, సబ్బు నురగ ఒకరి మీద ఒకరం చల్లుకుంటుంటే, అవ్వ అరుగు మీద కూర్చుని మా ఉతుకుడులో తప్పులు చెప్పింది.

ఈలోగా అన్న పక్కనే కడుతున్న అపార్ట్‌మెంటు దగ్గరికి పోయి, తన దిక్కు కూలీలను నలుగురిని బతిమాలి తెచ్చాడు. వాళ్లు గడ్డపారలు దూర్చి, సందులో ఇటుకలు పెడుతూ, బండను కొంచెం కొంచెంగా లేపారు. అది నిలువుగా లేచి, గోడకు ఆనుకుంది. అంతా బురద. అవ్వే లేచొచ్చి బకెట్‌తో నీళ్లు కొట్టింది.

ముందు ఒక తోక కనిపించింది. రెండో బకెట్‌కి చారలు. మూడో బకెట్‌కి నోరు తెరిచిన పులి, దాని నోట్లోకి బల్లెం దించుతున్న మనిషి.

"ఇన్నేండ్లూ నేను పులి ఈపు మింద ఉతికినానా?" అంది అవ్వ నెమ్మదిగా. బకెట్ కింద పెట్టి, "మా ఆయనకు తెల్సింటే నన్ను సూసి రోంత బయపడేవాడప్పా" అంది.

కూలీల్లో ఒకతను గడ్డపార వదిలేసి కూలబడి నవ్వాడు. అది చూసి అవ్వకూ నవ్వొచ్చింది. ఇక ఎవరూ ఆగలేదు. పక్కింటివాళ్లు ఏం జరిగిందో తెలియకుండానే నవ్వుతూ వచ్చారు. అవ్వ పసుపు తెచ్చి, ముందు మనిషికి పెట్టాలా పులికి పెట్టాలా అని తటపటాయించి, చివరికి రెండు చేతులతో ఒకేసారి ఇద్దరికీ పెట్టింది. కూలీలు వాళ్ల మేస్త్రీని అడిగి ఉతుక్కోవడానికి ఒక నున్నటి రాతి పలక మోసుకొచ్చారు. అవ్వ దాని మీద తడి తువ్వాలు ఒకసారి బాది చూసి, చప్పుడు బాగలేదంది, కానీ ఉంచుకుంది.

అన్న మాత్రం ఆ రాయి ముందు గొంతుక్కూర్చుని, వేలితో పులి మీసాలను తడుముతూ ఉన్నాడు. ఫోటో తీస్తానంటే చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఆ ఫోటో భార్యకు పంపించి, ఆమె ఫోన్ చేస్తే, "నిజంగానే ఉండాదే" అని మాత్రం అనగలిగాడు.

అవ్వ అందరికీ రాగి సంగటి, ఉలవచారు పెట్టింది. సాయంత్రం బస్సుకు వెళ్లాల్సిన చెల్లి టికెట్ రద్దు చేసుకుంది. సోమవారం పొద్దున నేను ఆఫీసుకు ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదని నీరసంగా చెప్తుంటే, చెల్లి నోట్లో దిండు కుక్కుకుంది. కింద గేటు ముందు ఆటో అప్పటికే వచ్చి ఆగింది.