ఎడారిలో పిలిచిన పేరు

ప్రసన్నకుమారి చేసిన తప్పును ఆవిడ దగ్గర్నుంచి లాగేసుకున్నారు. నగ పోతే ఏడవచ్చు. డబ్బు పోతే పోలీసులకి చెప్పుకోవచ్చు. ఒప్పుకుందామని తెచ్చుకున్న తప్పును పోగొట్టుకుంటే ఎవరికి చెప్పుకోవాలి?

అది 1990 అక్టోబరు. కువైట్‌లో ఇళ్ళపని చేసుకునే ప్రసన్నకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించాక, రెండు నెలల పాటు పడరాని పాట్లు పడి, ప్రాణాలతో కోనసీమలోని మా రేవడిలంకకి చేరింది. ఆపదలోంచి బయటపడినవాళ్ళు ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పడం మా చర్చిలో పద్ధతి. చెప్పబోయేది ముందురోజు పాస్టరుగారికి వినిపించడం కూడా పద్ధతే. ప్రసన్న శనివారం వెళ్ళి, ఆరోన్ పాస్టరుగారి వరండాలో కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన రాసుకున్నారు. ఆదివారం ఆవిడ చేతిలో పెట్టిన కాగితంలో ఆవిడ చేసిన తప్పు లేదు. దాని బదులు తెల్లబట్టలేసుకున్న ఒక దేవదూత ఉన్నాడు.

"ఇది నేను చెప్పలేదు కదండి," అంది ప్రసన్న.

"నీ మంచికేనమ్మా. ఉన్నదున్నట్టు చెబితే పోలీసు కేసవుతుంది. అయినా సాక్ష్యం అన్నాక విన్నవాళ్ళ విశ్వాసం పెరగాలి. నువ్వు చెప్పింది వింటే ఎవరి విశ్వాసం పెరుగుతుంది?"

ఆవిడ ఆ కాగితం చదివింది. ఆడవాళ్ళు ఏడ్చారు. కానుకల సంచీ నిండింది. క్రిస్మస్‌లోగా అది రాజమండ్రిలో అచ్చయి ఇరవై నాలుగు పేజీల పుస్తకమయింది. పేరు 'ఎడారిలో పిలుపు'. అట్ట మీద ఒంటె బొమ్మ. ఆ రెండు నెలల్లో తనకి ఒక్క ఒంటె కూడా కనపడలేదని ఆవిడ నాతో చెప్పింది.

నేను ఆ పుస్తకానికి తొమ్మిదేళ్ళ తర్వాత పుట్టాను. సండేస్కూల్లో ఆ దేవదూత కథ వింటూ పెరిగాను. ఇంటర్ మధ్యలో మానేసి, రాజమండ్రి కోటగుమ్మం దగ్గర ఒక డీటీపీ షాపులో టైపు చేస్తున్నాను. పాత పుస్తకాల వాళ్ళ దగ్గర దొరికిన యుద్ధాల పుస్తకాలన్నీ చదివాను. ఆ యుద్ధం వాటిలో జనవరిలో మొదలవుతుంది. క్షిపణులు, సేనాధిపతులు, పెట్రోలు ధర. అంతకు ముందు ఆగస్టులో, యజమానులు కార్లెక్కి పారిపోయిన ఇళ్ళల్లో మిగిలిపోయిన పనిమనుషులు ఏమయ్యారో ఏ పుస్తకంలోనూ లేదు. నాకు తెలిసి మా లంక ఆడవాళ్ళ గురించి అచ్చయింది ఆ ఇరవై నాలుగు పేజీలే. అది కూడా అబద్ధం.

అబద్ధమని నాకు పోయిన సెప్టెంబరులో తెలిసింది. మా చర్చికి నూరేళ్ళు నిండుతున్నాయి. శతజయంతి సంచిక పని నాకే ఇచ్చారు. సంపాదకుడు జీవరాజు మాస్టారు, రిటైరయిన హెడ్మాస్టరు. 'ఎడారిలో పిలుపు' మొత్తం అందులో మళ్ళీ వేయమన్నారు. ఫొటో కోసం ప్రసన్నకుమారి ఇంటికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చీపుళ్ళకి కొబ్బరాకు ఈనెలు తీస్తోంది. పెళ్ళి చేసుకోలేదు. బైబిల్ ఉమన్‌గా ముప్పై ఐదేళ్ళు ఊరూరా తిరిగి ఆ సాక్ష్యమే చెప్పింది.

"ఆ పుస్తకం మళ్ళీ వేస్తున్నారా?"

"అవునత్తా. ఫొటోతో సహా."

ఆవిడ కత్తి కింద పెట్టింది. "ఒరే దానియేలూ, నువ్వు పుస్తకాలు చదువుతావంట కదా. అబద్ధం రెండోసారి అచ్చేస్తే ఏమవుతుందిరా?"

"చరిత్ర అవుతుంది," అన్నాను. గొప్పగా అన్నాననుకున్నాను.

ఆవిడ నవ్వలేదు. "అయితే కూర్చో," అంది.

అప్పుడు చెప్పింది. సత్యవేణిది కూడా మా ఊరే. మా పేట కాదు, అవతలి వీధి. ఇద్దరూ ఒకే ఏజెంటు ద్వారా కువైట్ వెళ్ళారు. పక్కపక్క ఇళ్ళల్లో పని. ఇక్కడ ఒకరి గడపలో ఒకరు అడుగుపెట్టనివాళ్ళు అక్కడ ఒకే పళ్ళెంలో తిన్నారు. సత్యవేణికి ఊళ్ళో మొగుడు, మూడేళ్ళ కూతురు. యుద్ధం వచ్చిన రెండో రోజున ప్రసన్న యజమానులు సౌదీ పారిపోయారు. ఆవిడ పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉండిపోయింది. సత్యవేణి పాస్‌పోర్టు మాత్రం సత్యవేణి దగ్గరే ఉంది. ఇద్దరూ మరికొందరితో కలిసి లారీలెక్కి, ఇరాక్ దాటి, జోర్డాన్ సరిహద్దులో ఎడారి శిబిరానికి చేరారు.

"రోజుకోసారి నీళ్ళ ట్యాంకరు వచ్చేది. దాని మీద పడేవాళ్ళం. నాలుగో రోజుకి దానికి విరేచనాలు పట్టుకున్నాయి. లేవలేకపోయింది. పాస్‌పోర్టు నన్ను పట్టుకోమంది. ఆరో రోజు బస్సొచ్చింది. ఒకాయన జాబితా పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. బస్సెక్కితే అక్కడి పట్నానికి, అక్కణ్ణుంచి విమానం. రెండుసార్లు పిలుస్తాడు. పలక్కపోతే పేరు కొట్టేస్తాడు."

"సత్యవేణి పేరు పిలిచాడా?"

"పిలిచాడు. అది నా ఒళ్ళో తల పెట్టుకుని పడుంది. చిలకపచ్చ చీర, మట్టికొట్టుకుపోయింది. రెండోసారి పిలిచాడు. నేను లేచాను."

కాసేపు ఈనెలు తీసింది.

"స్పృహ లేదు అని చెప్పుకోవచ్చురా. ఉంది. కళ్ళు తెరిచే ఉంది. నా కొంగు పట్టుకుంది. నేను వేళ్ళు విప్పుకున్నాను. ముఖం మీదకి ముసుగు లాక్కుని వెళ్ళి బస్సెక్కాను. ఫొటో ఎవడూ చూడలేదు. సీసాలో నీళ్ళు దాని పక్కన పెట్టాను. అది కూడా రాయి. పెట్టాననే రాయి. సగం సీసా."

ఆవిడ సత్యవేణి పేరు మీద బొంబాయిలో దిగింది. సత్యవేణి మళ్ళీ ఎవరికీ కనపడలేదు. భార్య రాలేదేమని మా పేటకి వచ్చి ప్రసన్నని అడక్కుండా మొగుడు అప్పాజీ పైవాళ్ళకి అర్జీ పెడితే, ఫలానా తేదీన ఆమె బొంబాయిలో దిగినట్టు రికార్డులో ఉందని జవాబొచ్చింది. ఇంకేం కావాలి? బొంబాయిలో దిగి ఇంటికి రాని ఆడదాని గురించి ఊరు ఏమనుకుంటుందో అదే అనుకుంది. లేచిపోయిందన్నారు. ఆర్నెల్లు తిరక్కుండా అప్పాజీ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. కూతురు ఉమాశ్రీ 'లేచిపోయినదాని కూతురు'గా పెరిగింది. ఆ మాట పడలేకే పెళ్ళయ్యాక జంగారెడ్డిగూడెం వెళ్ళిపోయి బట్టలు కుట్టుకుంటోంది.

"ముప్పై ఐదేళ్ళు ఎందుకు ఊరుకున్నావత్తా?" అన్నాను. నా గొంతులో జాలి లేదు. ఉంటే బాగుండేది.

"దాని కోసం అధికారులకి రాస్తానన్నారు పాస్టరుగారు. రాశారనుకున్నాను. తర్వాత ఆ దేవదూత కథ చెప్పి చెప్పి నాకే తెల్లబట్టలు కనపడేవిరా. కళ్ళు మూసుకుంటే వచ్చేవాడు. మొన్న ఆ పిల్ల మొగుడు ఏదో మాటకి 'నువ్వూ మీ అమ్మలాగే పోతావు' అన్నాడంట. అది తెలిసినప్పట్నించి వాడు రావడం లేదు. నేను పోయేలోగా ఆ పిల్లకి వాళ్ళమ్మ పేరు ఇచ్చెయ్యాలి."

ఆ రాత్రే ఆవిడ చెప్పినట్టు రెండు పేజీలు టైపు చేసి మాస్టారికి పంపాను. మర్నాడు ఆయన షాపుకే వచ్చారు.

"ఏమిట్రా ఇది?"

"జరిగింది మాస్టారూ."

"సంచిక విడుదలకి బిషప్పుగారు వస్తున్నారు. మా చర్చి నూరేళ్ళ సాక్ష్యం దొంగ పాస్‌పోర్టు అని అచ్చేయమంటావా? ఆరోన్ గారు సమాధిలో ఉన్నారు, ఆయన్ని లేపి అడుగుతావా? ఒరే, నువ్వు టైపు కొట్టేవాడివి. టైపు కొట్టు."

నేను చదివిన పుస్తకాలేవీ ఆ పూట నాకు పనికి రాలేదు. టైపు కొట్టాను.

ప్రసన్న ఇంకో దారి వెతుక్కుంది. నవంబరులో స్త్రీల కూటం ఉంది. అందులో సాక్ష్యం ఎప్పుడూ ఆవిడదే. ఉమాశ్రీకి తనే ఫోన్ చేసి రమ్మంది. చర్చి ఆవరణలో షామియానా. మూడు వందల మంది ఆడవాళ్ళు. నేను మైకు తీగల పక్కన నిలబడ్డాను. ఉమాశ్రీ వెనక వరసలో, చెప్పులు విడిచిన చోట కూర్చుంది.

ఆవిడ కువైట్ నుంచి మొదలుపెట్టింది. అందరికీ కంఠతా వచ్చిన కథే. నీళ్ళ ట్యాంకరు దగ్గర ఎప్పట్లాగే నిట్టూర్చారు. తర్వాత దారి మళ్ళించింది.

"ఒకాయన రెండోసారి పేరు పిలిచాడు. నేను లేచాను."

"స్తోత్రం!" అన్నారు మూడు వందల మంది. ఆ చోట ముప్పై ఐదేళ్ళుగా అనే మాట అది.

"వద్దమ్మా, స్తోత్రం అనకండి. పిలిచింది నన్ను కాదు. నేను దానికి తగను."

"ఆమెన్!"

"నేను పాపం చేశాను. నా పక్కనున్న సత్యవేణిని వదిలేసి, దాని పేరు మీద బస్సెక్కాను. అది ఎవరితోనూ పోలేదు. అక్కడే ఉండిపోయింది. వినండమ్మా!"

"హల్లెలూయ!" అంది ముందు వరసలోంచి ఒకామె, చెయ్యెత్తి. కీబోర్డు అబ్బాయి మెల్లగా పాట ఎత్తుకున్నాడు. ఇప్పటి పాస్టరుగారి భార్య ప్రిస్కిల్లాగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ పక్కావిడతో, "ఎంత తగ్గింపండీ ఆవిడకి! ఇంత మేలు పొంది కూడా పాపినంటోంది," అంది.

సభ మొత్తం మీద విన్నది ఒక్కతే. పాట అయ్యాక ఉమాశ్రీ వచ్చి ప్రసన్న ఎదురుగా నిలబడింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను.

"అయితే మా అమ్మ బొంబాయిలో దిగలేదాండి?"

"లేదమ్మా. దిగింది నేను."

"నా గురించి ఏమన్నా అందా?"

"నీకు గౌను కొంది. గులాబీ రంగుది. గౌనున్న సంచీ దాని తల కింద పెట్టే వచ్చాను."

"మిమ్మల్ని క్షమించాలో లేదో తర్వాత చూసుకుంటాను. ముందు మా నాన్న దగ్గరికి రండి. ఇదే మాట ఆయన ముందు చెప్పండి."

ముగ్గురం వెళ్ళాం. అప్పాజీకి డెబ్బై దాటాయి. మంచం మీదే ఉన్నాడు. ప్రసన్న నిలబడే అంతా చెప్పింది. ఆ ఇంట్లో ఆవిణ్ణి ఎవరూ కూర్చోమనలేదు. ఆయన విని, తలగడ కిందనుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఆ జవాబు కాగితం ఉంది.

"గవర్నమెంటు ముద్ర ఉందమ్మా ఇక్కడ. దిగిందని ఉంది. మీ పుస్తకం కూడా నేను చదివాను. అందులో మా ఆవిడ ఊసే లేదు. ఇప్పుడొచ్చి నోటిమాటగా చెబితే ఎలా నమ్ముతాను? అచ్చులో ఉందా?"

"లేదండి."

"అచ్చులో ఉంటే తీసుకురా."

నమ్మితే ఆయన రెండో పెళ్ళి ఏమవుతుంది? ముప్పై ఐదేళ్ళు తిట్టిన తిట్లు ఏమవుతాయి? ఆ కవరు లేకపోతే ఆ ముసలాడు ఒక్క రోజు కూడా పడుకోలేడు. ఉమాశ్రీ ఆ కాగితం వైపు చూసి, "నాన్నా, నీకు అమ్మ చచ్చిపోవడం కన్నా లేచిపోవడమే బాగున్నట్టుంది," అని బయటికి వచ్చేసింది. గేటు దగ్గర ప్రసన్నతో, "ఆయన కోసం కాదండి, నా పిల్లల కోసం. ఎక్కడన్నా ఒక్క చోట అమ్మ పేరు రాయించండి," అంది.

ప్రసన్నకుమారి మొన్న ఫిబ్రవరిలో గుండె ఆగి పోయింది. సమాధి కార్యక్రమం కాగితం మీద 'ఎడారిలో దేవుడు పేరు పెట్టి పిలిచిన తల్లి' అని వేశారు. ఆ కాగితం కూడా నేనే టైపు కొట్టాను.

ఆవిణ్ణి చివరిసారి చూసింది జనవరిలో. సంచిక ప్రెస్సుకి వెళ్ళే రోజు. బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ షాపుకి వచ్చింది. నా పక్కన స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, తన పేజీ ప్రూఫు వేలు పెట్టి చదివింది. 'అప్పుడు తెల్లని వస్త్రములు ధరించిన యొకరు నా యొద్దకు వచ్చి, నన్ను పేరు పెట్టి పిలిచి, బస్సు నెక్కించెను' అన్న చోట వేలు ఆగింది.

"మాస్టారు చూసేశారా?"

"చూశారత్తా. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టారు. ఇంక చూడరు."

"ఈ తెల్లబట్టలాయన్ని తీసెయ్యడానికి లేదా?"

"తీసేస్తే పేజీ ఖాళీ అవుతుంది. తెలిసిపోతుంది."

ఆవిడ వేలిని ఆ వాక్యం మొదటికి జరిపింది.

"అయితే తియ్యకురా," అంది. "ఉండనీ. తెల్లని అన్న చోట చిలకపచ్చ అని కొట్టు. యొకరు అన్న చోట సత్యవేణి అని కొట్టు. అబద్ధమేం కాదు. నన్ను బస్సెక్కించింది అదే."